ఏడు నల్ల గుండీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది నేను గొప్పగా చెప్పుకుంటున్న మాట కాదు. మా మఠంలో మదర్‌తో కలిపి ఏడుగురు సిస్టర్లం ఉంటే, మిగతా ఆరుగురూ ఒక్క గొంతుతో చెప్పే మాట ఇదొక్కటే. నలభై ఏళ్లుగా వంటిల్లు నా చేతిలో ఉంది. కోపం తగ్గించు తండ్రీ అని రోజూ పొద్దుటి ప్రార్థనలో అడుగుతాను. ఆయనకు అంతకన్నా అర్జెంటు పనులుంటాయి కాబోలు, నా వంతు ఇంకా రాలేదు.

ఆ వేసవి మొదట్లో మదర్ మమ్మల్నందరినీ సమావేశాల గదిలో కూర్చోబెట్టారు. ఏటికి అవతల కొట్లాటలు మొదలై అప్పటికి రెండు నెలలు. ఇళ్లు తగలబడి ఇటు పారిపోయి వచ్చినవాళ్లు ఊరి బయట రైలు గోదాముల దగ్గర గుడారాల్లో ఉంటున్నారు. మేడ మీద మా రెండు ఖాళీ గదుల్లో ఒక కుటుంబాన్ని మూడు నెలల పాటు ఉంచుకుంటారా అని శరణార్థుల ఆఫీసువాళ్లు అడిగారట.

మా ఇంట్లో పెద్ద నిర్ణయం ఏదైనా గింజలతోనే జరుగుతుంది. మఠం కట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్ల చిక్కుడు గింజ, ఒక నల్ల చిక్కుడు గింజ పెడతారు. తెల్లది అవును, నల్లది కాదు. ఒక్కొక్కరమే వెళ్లి, మనసులో ఉన్నదాన్ని చెక్కపెట్టెలోనూ, మిగిలినదాన్ని పక్కనున్న గుడ్డసంచిలోనూ వేసి వస్తాం. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. మదర్‌ను ఎన్నుకోవాలన్నా, గుడికి సున్నం వేయించాలన్నా అవే గింజలు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే అవి పాతవి.

ఆ రోజు పెట్టె తెరిస్తే ఆరు తెల్లవి, ఒక నల్లది. మూడు నెలల మాటకు ఎక్కువమంది ఒప్పుకుంటే చాలు. కుటుంబం వస్తుందని మదర్ చెప్పగానే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. నల్ల గింజ నాది.

ఎందుకు వేశానంటే, నా పొయ్యి, నా గిన్నెలు, మేకుకు వేలాడే నా గరిటె. నా వంటింట్లోకి మరో ఆడమనిషి వస్తుందనేసరికి నాకు ఒళ్లు మండింది. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా ఉంటే బాగుండేది, లేదు. ఆ శనివారం పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పుకున్నాను. "అది పాపం కాదు సిస్టర్, ఓటు" అని పంపించేశారు. కనీసం ఒక జపమాల చెప్పమన్నా నా మనసు తేలికపడేది.

వచ్చినవాళ్లు ముగ్గురు. అరవై దాటిన ఒక అత్తగారు, కుట్టుపని తెలిసిన కోడలు, తొమ్మిదేళ్ల మనవరాలు. కోడలి భర్త సంగతి మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పిల్ల ఆ పెద్దావిడను నాయనమ్మా అని పిలిచేది. వారం తిరిగేసరికి ఇంట్లో అందరికీ ఆమె నాయనమ్మే అయిపోయింది. తొంభై ఏళ్ల మా పెద్ద సిస్టర్ కూడా, తనకంటే పాతికేళ్లకు పైగా చిన్నదాన్ని పట్టుకుని, "నాయనమ్మా, కాస్త నా చెప్పులు చూడవూ" అనేది. నేను మాత్రం అలా పిలవలేదు. "ఇదిగో", "చూడండి", "మిమ్మల్నే". వీటితోనే నెట్టుకొచ్చాను.

మొదటి రోజే మాకు చెడింది. నేను కూరగిన్నె దించుతుంటే ఆమె వంటింట్లోకి వచ్చింది. ఎవరినీ అడగలేదు. మేకు మీది గరిటె తీసి, కొంచెం కూర అరచేతిలో వేసుకుని నాకింది.

"ఉప్పు చాల్లేదు సిస్టరమ్మా."

నలభై ఏళ్లలో ఆ మాట అనడానికి ఏ మదర్‌కూ ధైర్యం చాలలేదు. ఆమె చేతిలోంచి గరిటె లాక్కున్నాను.

"ఇక్కడ వంట నేను చేస్తాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి తీసుకునేదాన్నైతే అక్కడి నుంచి ఇక్కడి దాకా నడిచేదాన్నా?" అని ఆమె అక్కడే ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఆ పీట మీంచి ఆమెను లేపడం ఆ తర్వాత నా వల్ల కాలేదు.

భోజనాల దగ్గర మా ఇంట్లో మాట్లాడకూడదు. ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్లం వింటూ తింటాం. ఏదైనా కావాలంటే సైగే. నీళ్లకు బొటనవేలు ఎత్తాలి. ఉప్పుకు రెండు వేళ్లు రుద్దాలి. ఇంకాస్త వడ్డించమంటే పళ్లేన్ని బల్ల మీద ఒక చుట్టు తిప్పాలి. నా వంటకు రెండు వేళ్లు రుద్దేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను ఎప్పుడూ చూడనట్టే ఉంటాను. పళ్లెం తిప్పినవాళ్లను చూసిన గుర్తు మాత్రం లేదు.

ఆ నెల చదివే వంతు బడిపంతులమ్మ సిస్టర్‌ది. ఆమె చదివితే ఏ పునీతురాలి చరిత్ర అయినా రైల్వే ప్రకటన విన్నట్టే ఉంటుంది. రెండో వారంలో పెద్ద సిస్టర్ చూసుకోకుండా ఆమె కళ్లజోడు మీద కూర్చుంది. ఆ పూట చదివేవాళ్లు లేరు. చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినబడని ఆ గదిలో చివరి బల్ల దగ్గర నుంచి పిల్ల చెయ్యెత్తింది.

"నేను చదవనా? నాకు గట్టిగా చదవడం వచ్చు."

మౌనం చెడింది. మదర్ ఏమంటారా అని అందరం చూశాం. ఆవిడ బొటనవేలు ఎత్తి, అది నీళ్ల సైగ అని గుర్తొచ్చి, దించి, తల ఊపారు.

పిల్ల స్టూలు ఎక్కి చదివింది. చదవడం కాదు, ఆడింది. రాజు మాట్లాడితే బొంగురు గొంతు, పునీతురాలు మాట్లాడితే సన్న గొంతు. రాజు ఆమెను చెరసాలలో వేయిస్తానంటే, "వేయించుకో, నాకేం భయమా!" అని పుస్తకంలో లేని మాట కూడా కలిపింది. పెద్ద సిస్టర్‌కు పొలమారింది. తోట సిస్టర్ ఏప్రాన్‌లో ముఖం దాచుకుంది. నేను నవ్వకూడదని పళ్లు బిగబట్టాను, కానీ చేతిలోని రొట్టెముక్క ఊగిపోయింది. కళ్లజోడు బాగై వచ్చాక కూడా బడిపంతులమ్మ సిస్టర్‌ను ఎవరూ చదవమనలేదు. పాపం, ఆమే అందరికంటే ఎక్కువ సంబరపడింది.

అలా ఒక్కొక్కరే వాళ్లను నెత్తికెక్కించుకుంటుంటే నాకు లోపల గుర్రుగానే ఉండేది. కోడలు మూలనపడ్డ మా కుట్టుమిషను విప్పి నూనె పోసి నడిపించింది. రెండు వీధుల అవతల దర్జీ దుకాణంలో పని కూడా సంపాదించుకుంది. పెద్ద సిస్టర్ తన పాత నల్ల ఉన్ని శాలువాను పిల్లకు కోటు కుట్టమని ఇచ్చింది. వానలు మొదలవగానే బడి తెరుస్తారు, ఆ బడిలో నల్ల కోటు వేసుకోవాలి. సాయంత్రాలు కోడలు ఆ కోటు ముందేసుకుని కూర్చునేది. ఒక్కో కుట్టూ చీమంత.

వేసవి సగం దాటాక నా కుడిచెయ్యి ఆవిరికి కాలింది. తప్పు నాదే, మూత ఎత్తేటప్పుడు నాయనమ్మతో వాదిస్తున్నాను. కట్టు కట్టి, నెల రోజులు పొయ్యి ముట్టుకోవద్దని మదర్ ఆజ్ఞ. ఆజ్ఞ అంటే ఆజ్ఞే కదా. నేను ముక్కాలిపీట మీదికీ, ఆమె పొయ్యి దగ్గరికీ మారాం.

"అంత మంట ఎందుకు? తగ్గించండి" అనేదాన్ని.

"నీ చెయ్యి కాలింది గాని నోరు బాగానే ఉంది సిస్టరమ్మా" అనేది.

ఆ నెలలో భోజనాల బల్ల దగ్గర ఎవరూ రెండు వేళ్లు రుద్దలేదు. అంతకంటే ఘోరం, మొదటి రోజే మదర్ పళ్లెం ఒక చుట్టు తిప్పారు. ఆ వెంటనే తోట సిస్టర్. ఆ తర్వాత నలుగురూ. పళ్లేలు బల్ల మీద గిరగిరా తిరుగుతుంటే నా కడుపు భగ్గుమంది. నాకూ ఇంకాస్త తినాలనే ఉంది. తిప్పలేదు. ఆకలితో లేచి వెళ్లి గుడిలో మోకరించి, "ప్రభువా, ఇది మాత్రం న్యాయం కాదు" అన్నాను.

వేసవి చివర ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలలూ అయిపోయాయి. ఇంకో ఏడాది ఉంచుకుంటామని మఠం రాసి ఇస్తే సరే, లేదంటే శనివారం కుటుంబం గోదాముల దగ్గరి గుడారాలకు తిరిగి వెళ్లాలి. ఆకాశంలో అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి. నాయనమ్మకు తడిగాలి తగిలితే ఊపిరి అందదు. గుడారానికి చిరునామా ఉండదు కాబట్టి పిల్లకు బడిలో చోటు దొరకదు.

"ఏడాది మాటకు అందరూ ఒప్పుకోవాలి" అన్నారు మదర్. "మన నియమం మీకు తెలుసు. ఒక్క నల్ల గింజ పడినా కుదరదు. గురువారం సాయంత్రం ఓటు."

ఆవిడ ఎవరి వంకా చూడలేదు. అయినా నా చెవులు వేడెక్కాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఏటా వేసవి పోయేముందు కొట్టుగదిలోని పప్పులూ గింజలూ మేడ మీద ఎండబెట్టడం నా అలవాటు. వాటితోపాటు ఓటు గింజలకూ ఎండ చూపిస్తాను, పురుగు పట్టకుండా. ఒకప్పుడు ఈ ఇంట్లో ముప్పైమంది ఉండేవాళ్లు కాబట్టి తెల్లవి ముప్పై, నల్లవి ముప్పై ఉండేవి. ఆ బుధవారం కూడా రెండు పళ్లేల్లో పోసి, పప్పులు ఆరబోసిన దుప్పటి చివర పెట్టాను. మధ్యాహ్నం జల్లు మొదలైతే, కట్టు కట్టిన చేత్తో నేను మెట్లెక్కేలోపు నాయనమ్మ పరుగెత్తి అన్నీ లోపలికి తెచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. గింజలు మళ్లీ సీసాలో పోసి పెట్టాలన్న సంగతి గాలికి వదిలేశాను.

గురువారం మధ్యాహ్నం భోజనానికి గింజల కూర. పిల్ల స్టూలెక్కి చదువుతోంది. మొదటి ముద్దకే తోట సిస్టర్ నమలడం ఆపింది. దవడ ఒక పక్కకు తిప్పి, మరో పక్కకు తిప్పి, మెల్లగా ఏదో తీసి పళ్లెం అంచున పెట్టింది. టక్. తర్వాత బడిపంతులమ్మ సిస్టర్. టక్. మదర్. టక్. మాట్లాడకూడదు కదా, కళ్లు తేలేస్తున్నారు గాని ఎవరూ ఏమీ అనరు. నా పళ్లకు కూడా రాయిలాంటిదేదో తగిలింది. తీసి చూసుకున్నాను. నల్లగా, నున్నగా ఉంది. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను.

పెద్ద సిస్టర్ తన నోట్లోదాన్ని వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. డెబ్బై ఏళ్లుగా ఆ గింజలు పట్టుకున్న చెయ్యి అది.

"మరియమ్మ తల్లీ" అంది పైకే. "మనం 'కాదు'ను తింటున్నాం."

లేచి వంటింట్లోకి ఉరికాను.

"ఆ నల్ల గింజలు ఎక్కడివి?"

"ఎక్కడివేమిటి, ఎండబెట్టింది నువ్వేగా" అంది నాయనమ్మ. ఆమె ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. "తెల్లవి పుచ్చిపోయినై, పక్కన పెట్టా. నల్లవి బాగున్నై గదా అని మామూలు గింజల్లో కలిపా. రాత్రంతా నానేశా. తెల్లారినప్పటి నుంచి ఉడకేస్తున్నా, చావవు! ఏం గింజలమ్మా అవి?" గొంతు తగ్గించింది. "ఇవాళ మీరంతా మా సంగతి తేలుస్తారటగా. కడుపునిండా పెడదామనుకున్నా."

జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని వెళ్లి మదర్‌కు చెప్పాను.

మదర్ ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. భుజాలు ఊగడం చూస్తే అర్థమైంది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నారు.

"అయితే కాదనడానికి మన దగ్గర గింజ లేదన్నమాట."

"పళ్లేల్లోవి కడిగి వాడదామా మదర్?"

"వద్దు. ఎవరి పంటి గాటు ఎవరిదో తెలిసిపోతుంది. రహస్యం ఉండదు."

"మరి తెల్లవాటితోనే..."

"కాదనే వీలు లేకుండా అవునంటే అది అవును కాదు సిస్టర్. రేపు పొద్దున్న ఆఫీసులో నేను సంతకం పెట్టాలి. అబద్ధపు సంతకం పెట్టలేను. సాయంత్రం ప్రార్థనలోగా నల్లవి ఏడు, అన్నీ ఒకేలా ఉన్నవి తెండి. ఏవైనా సరే. గింజల బాధ్యత మీదే కదా."

కొట్టుగదిలో నల్లవేవీ లేవు. తోట సిస్టర్ దగ్గరి విత్తనాలన్నీ మట్టిలో ఉన్నాయి. గులకరాళ్లు ఒకదానిలా ఒకటి లేవు. చివరికి కుట్టుగదికి వెళ్లాను. కోడలు ఆ పూట దుకాణానికి సెలవు పెట్టి మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు.

"అమ్మాయీ, నల్ల గుండీలున్నాయా? ఏడు కావాలి. ఒకేలాంటివి."

"దేనికి సిస్టర్?"

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. పెట్టె గురించీ, గింజల గురించీ, ఇప్పుడవి కూరలో ఉన్న సంగతీ మొత్తం చెప్పేశాను. ఒక్క నల్లది పడినా వాళ్లు వెళ్లాల్సి వస్తుందని కూడా చెప్పాను.

ఆమె వేలితో మిషను చక్రాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ ఆడించింది.

"పోయినసారి పడిందా?"

"ఒకటి పడింది. నాదే."

చక్రం ఆగింది. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది నాకు.

"తెలుసు సిస్టర్. మొదటి రోజు మీరు గరిటె లాక్కున్నప్పుడే అత్తయ్య అంది, ఈమెకు మనం రావడం ఇష్టం లేదే అని."

"తెలిసి కూడా ఇన్నాళ్లూ నాతో..."

"మాకూ ఇల్లుండేది కదా. మా వంటింట్లోకి ఎవరైనా వచ్చి అత్తయ్య గరిటె ముట్టుకునుంటే ఏమయ్యేదో నాకు తెలుసు." ఆమె కొంచెం నవ్వింది. "మీరు లాక్కుని ఊరుకున్నారు. అత్తయ్యైతే దాంతోనే ఒకటిచ్చేది."

ఆమె రేకుడబ్బా తెరిచి గుండీలన్నీ బల్ల మీద పోసింది. గోధుమరంగువి, తెల్లవి, నల్లవి కూడా నాలుగైదు ఉన్నాయి గాని ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏరి ఏరి చూసింది. లేచి వెళ్లి మేకుకున్న పిల్ల కోటు తీసింది. పూర్తయిపోయింది, ఇస్త్రీ కూడా అయింది. కత్తెర తీసుకుని ముందున్న అయిదు గుండీల దారాలు కత్తిరించింది. తర్వాత చేతులకున్న రెండూ. పట్టుకోవడానికి ఏమీ లేని ఆ కోటు రెండు పక్కలకూ తెరుచుకుపోయింది.

"ఒకేలాంటివి ఇవే ఉన్నాయి" అని ఏడూ నా ఎడమ అరచేతిలో పోసింది. "పనయ్యాక తెచ్చివ్వండి సిస్టర్. మళ్లీ కుట్టాలి." రేకుడబ్బాకు మూత పెట్టింది. "కుట్టాల్సి వస్తే."

సాయంత్రం సమావేశాల గదిలో అందరి చేతుల్లో ఒక పుచ్చిన తెల్ల గింజ, ఒక నల్ల గుండీ. పద్ధతి ప్రకారం పెద్ద సిస్టర్ ముందు, నేను నాలుగో దాన్ని. నా గుండీకి తెగిన దారం ముక్క ఇంకా వేలాడుతోంది. పెట్టె దగ్గర నిలబడి ఆ దారాన్ని వేలితో పట్టుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక తోట సిస్టర్ దగ్గింది.

మదర్ పెట్టె తెరిచి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు. తెల్లది. తెల్లది. తెల్లది. నాలుగో గింజలోంచి ఒక పురుగు బయటికి వచ్చి బల్ల మీద నడిచింది. "దీనికి ఓటు లేదు" అని పెద్ద సిస్టర్ దాన్ని చీటీతో పక్కకు నెట్టింది. తెల్లది. తెల్లది. తెల్లది. పెట్టె తలకిందులు చేస్తే ఇంకేమీ రాలలేదు.

ఈసారి చప్పట్లు నేనే మొదలుపెట్టాను. కాలిన చెయ్యి చురుక్కుమంది.

గుడ్డసంచి తీసుకుని కుట్టుగదికి వెళ్లాను. ముగ్గురూ బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. పిల్ల కోటు వేసుకుని, తెరుచుకుపోకుండా రెండు చేతులతో ముందు పట్టుకుని ఉంది. సంచి బల్ల మీద బోర్లించాను. గుండీలు దొర్లాయి.

"లెక్క చూసుకో అమ్మాయీ. ఏడూ ఉన్నాయి. ఒక్కటీ పెట్టెలో పడలేదు."

కోడలు గుండీలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత సూది తీసుకుంది. దారం ఎక్కించబోతే ఎక్కలేదు. నాకివ్వు అని నేను తీసుకుంటే నా కళ్లలో నీళ్లు, నాకూ కనబడలేదు. పిల్ల మా ఇద్దరినీ విడ్డూరంగా చూసి, సూది లాక్కుని, ఒక్క ఊపులో ఎక్కించి ఇచ్చింది.

నాయనమ్మ చీరచెంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "బాగుంది సంబరం. ఇంతకీ ఈ పూట వంట ఎవరు చేస్తారు?"

"మీరే చేయండి నాయనమ్మా" అన్నాను.

ఆమె తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ఆ పిలుపు విన్నదని ముఖంలో కనబడింది గాని, మనిషి లొంగే రకం కాదు.

"చేస్తాలే. ఉప్పు డబ్బా జోలికి మాత్రం రాకు."

ఆ పూట పిల్ల స్టూలెక్కి చదువుతుంటే అందరం మౌనంగా తిన్నాం. కూర అయిపోయాక నేను కట్టు లేని చేత్తో నా పళ్లేన్ని బల్ల మీద ఒక చుట్టు తిప్పాను.